ఆల్ట్ వదిలాక

డాబాగార్డెన్స్‌లో ఇరుకు మెట్లెక్కి
జెరాక్సు వాసన దాటాక నా కుర్చీ.
మీటల మీద అక్షరాలు సగం నా వేళ్ళు తినేశాయి,
మిగతా సగం సముద్రపు గాలి తింటోంది.
అంకెల గడిలో ఏడు చచ్చి ఆరు నెలలు.
"పై వరసలో ఇంకో ఏడు ఉంది కదమ్మా" అంటాడు ఓనరు.
ఆయనకేం తెలుసు,
పై వరస ఏడు పిలిస్తే
దాక్కున్న గుర్తులేవీ బయటికి రావని.

గోడకి ఒక కాగితం.
నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న
కామాక్షమ్మ గారి చేతిరాత,
అంటించిన టేపు టీ రంగుకి తిరిగింది.
మీటల్లో లేనివన్నీ అందులో ఉంటాయి:
అర, ముప్పావు, అరసున్న,
ఎవరూ అడగని ఌ.
స్టీల్ ప్లాంటు కాంట్రాక్టరు కాగితాల్లో
కొలిమి వేడి పక్కన, భుజమ్మీదెక్కి కూర్చునే
ఒక బుల్లి సున్నా కావాలి.
సున్నా, ఒకటి, ఏడు, ఆరు.
ఏడు లేదు కదా,
పాత ఫైల్లోంచి ఎత్తుకొచ్చి అతికిస్తాను,
పక్కింటికెళ్ళి నిప్పు తెచ్చుకున్నట్టు.

ఆవేళ మధ్యాహ్నం
పెందుర్తి నుంచి రెండు బస్సులు మారి
పోలినాయుడు గారొచ్చాడు.
గోపాలపట్నంలో మనవరాలు టిఫిన్ బండి పెడుతోందట,
దానికి బోర్డు.
కొట్టి చూపించాను: కర్రి వారి టిఫిన్స్.
తల అడ్డంగా ఊపాడు.
"బండి ఱ ఎయ్యమ్మా.
కఱి అంటే నలుపు, కరి అంటే ఏనుగు.
మేం నల్లోలమే గానీ ఏనుగులం కాదు.
అయినా, బండి మీద బండి ఱ లేకపోతే
ఇంకెక్కడుంటాది?"

పాత ఫైళ్ళన్నీ తిరగేశాను.
పెళ్ళిళ్ళు, సంతాపాలు, అద్దెకివ్వబడునులు,
ఎక్కడా లేదు.
ఎవరి పేరులోంచి ఎప్పుడు రాలిపోయిందో
ఎవరూ వెతుక్కోలేదు.
కాగితంలో మాత్రం ఉంది:
సున్నా, రెండు, మూడు, ఏడు.
మళ్ళీ ఏడే.

"చచ్చిపోయింది బాబాయ్, ఈ మీట."
కుర్చీ వెనకనుంచి వంగి చూశాడు.
"కురుపాం మార్కెట్ కాడ ప్రెస్సులో
ముప్పయ్యేళ్ళు అచ్చరాలు పేర్సినాను.
కేసులో ఎడంపక్క ఆకరి గడి, బండి ఱ.
సీకట్లో కూడా సెయ్యి అక్కడికే ఎల్లేది.
సచ్చిన టైపంటూ ఉండదమ్మా,
మసి పట్టిన టైపే."

ఉఫ్‌మని ఊదాడు,
నా టీ గ్లాసు మీద దుమ్ము లేచేలా.
బొటనవేలు తెచ్చి ఏడు మీద పెట్టాడు.
ఆ గోరు కింద
ఏ సబ్బుకీ లొంగని నల్లటి నెలవంక.

ఆల్ట్ వింత మీట.
నొక్కి పట్టుకున్నంతసేపూ ఏమీ కనపడదు,
అంకెలు చీకట్లో నడుస్తుంటాయి.
నా ఎడమ చెయ్యి ఆల్ట్ మీద.
సున్నా, నేను.
రెండు, నేను.
మూడు, నేను.
"ఇప్పుడు" అన్నాను.
పెద్దాయన
సీసపు ముక్కని గాడిలోకి దిగేసినట్టు నొక్కాడు.

చెయ్యి తీశాను.

ఱ.

కడుపులో గీతతో
పుల్ల మింగిన నత్తలా
తెర మధ్య కూర్చుంది.

ప్రూఫు తీసిస్తే ఆయన చదవలేదు.
కాగితం తిరగేసి
ట్యూబ్‌లైటుకి అడ్డంగా పట్టుకుని
వెనకనుంచి, కుడి నుంచి ఎడమకి చూశాడు.
అలా అయితేనే తప్పులు దొరుకుతాయట.
"బాగుంది" అన్నాడు,
ఎవరితోనో తెలీదు.

బిల్లు రాస్తుంటే
ఈ మీటల్లో రూపాయి గుర్తు కూడా లేదని గుర్తొచ్చింది.
రూ. అని చుక్క పెట్టి, నలభై.
ఇరవై చాలన్నాను, వినలేదు.

తర్వాత ఏడుని చాలాసార్లు నొక్కాను.
ఊదాను. తిట్టాను. బతిమాలాను.
నాకైతే పలకలేదు.

కామాక్షమ్మ గారి కాగితంలో
ఆఖరి వరస పక్కన పెన్సిలుతో రాసుకున్నాను:
ఱ, ఇద్దరు కావాలి.